సీఓటూ ఫైర్ సిలిండర్‌కు గేజీ ఎందుకు ఉండదు, దాన్ని ఎలా చెక్ చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసు బిల్డింగుల మెయింటెనెన్స్ చూసుకోవడం నా పని. సాయంత్రం ఇంటికొచ్చాక మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కూడా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. వాటిలో ఎక్కువ భాగం లిఫ్ట్ పక్కన, కరెంటు ప్యానెల్ రూమ్ దగ్గర తగిలించి ఉండే, నల్లటి వెడల్పు మూతి ఉన్న ఎర్ర సిలిండర్ గురించే. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తే మేలనిపించింది. అన్నీ చదివే ఓపిక లేకపోతే బరువు గురించి రాసిన మూడు నాలుగు జవాబులైనా చదవండి.

అసలు ఈ సిలిండర్ లోపల ఏముంటుంది?

కార్బన్ డయాక్సైడ్, పొట్టిగా సీఓటూ. మనం వదిలే ఊపిరిలో, గోలీసోడా బుడగల్లో ఉండేదే. కాకపోతే ఇక్కడ దాన్ని గట్టిగా నొక్కి ద్రవంగా మార్చి నింపుతారు. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి దాదాపు 57 బార్ ఉంటుంది. కారు టైర్లో మనం కొట్టించే గాలి రెండు బార్‌కు కాస్త ఎక్కువ, అంటే ఇది దానికి పాతిక రెట్లు. అందుకే అతుకు లేని మందపాటి ఉక్కు సిలిండర్ వాడతారు. లోపల నాలుగున్నర కిలోల గ్యాసే ఉన్నా మొత్తం పదిహేను కిలోలు తూగడానికి కారణం ఆ ఉక్కే. లోపల అడుగు దాకా ఒక సన్నటి గొట్టం కూడా ఉంటుంది. హ్యాండిల్ నొక్కగానే అడుగున ఉన్న ద్రవం ఆ గొట్టంలోంచి పైకి తన్నుకొస్తుంది. కాబట్టి వాడేటప్పుడు సిలిండర్‌ను నిలువుగానే పట్టుకోవాలి, పడుకోబెట్టి నొక్కితే ద్రవానికి బదులు పైనున్న గ్యాస్ మాత్రమే వచ్చి సగం పని కూడా చేయదు.

మన దగ్గర ఎక్కువగా కనబడేవి 2 కిలోలు, 4.5 కిలోలవి. ఫ్యాక్టరీల్లో, సబ్‌స్టేషన్లలో చక్రాల మీద తోసుకెళ్లే 22.5 కిలోలవి కూడా ఉంటాయి.

మా సిలిండర్‌కు ఒత్తిడి చూపే గేజీ లేదు. పక్కనున్న పౌడర్ దానికి ఉంది. ఎవరైనా ఊడబీకారా?

ఊడబీకలేదు. దీనికి గేజీ అసలు పెట్టరు, పెట్టినా ఏమీ తెలియదు.

ఇంట్లో వంట గ్యాస్ సిలిండర్‌ను గుర్తుచేసుకోండి. దానికీ గేజీ ఉండదు. మొదటి రోజు మంట ఎంత జోరుగా వస్తుందో ఇరవయ్యో రోజూ దాదాపు అలాగే వస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి పప్పు సగం ఉడికాక అయిపోతుంది. కారణం ఏంటంటే లోపల కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంతసేపు, కొంత గ్యాస్ బయటికి పోగానే ఆ ద్రవం మరికొంత ఆవిరై ఆ ఖాళీని నింపేస్తుంది. ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, ఎంత సరుకు మిగిలిందనే దాన్ని బట్టి కాదు. సీఓటూ విషయంలోనూ ఇంతే.

లెక్క వేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 4.5 కిలోల సిలిండర్ లోపల దాదాపు 6.75 లీటర్ల చోటు ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఆ చోటంతా కేవలం ఆవిరితో నిండితే దాని బరువు 1.3 కిలోలే. అంటే 4.5 నుంచి 1.3 దాకా, మూడు కిలోలకు పైగా గ్యాస్ కారిపోయినా గేజీ పెట్టి ఉంటే ముల్లు 57 దగ్గరే నిలబడి ఉంటుంది! సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక మాత్రమే కిందికి దిగుతుంది. పౌడర్ సిలిండర్‌లో అలా కాదు, అందులో తోసేది నైట్రోజన్, అది ద్రవంగా మారదు, కారితే ముల్లు ఆకుపచ్చ గీత దాటి పడిపోతుంది. అందుకే దానికి గేజీ పెట్టడంలో అర్థం ఉంది.

మరి నిండుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

తూకం వేస్తేనే తెలుస్తుంది, వేరే దారి లేదు.

సిలిండర్ మెడ దగ్గర, భుజం మీద, ఉక్కులోకి గుద్దిన అంకెలు ఉంటాయి. రంగు మందంగా వేసేస్తే సరిగా కనబడవు, టార్చ్ లైటు పక్క నుంచి వాలుగా వేసి చూడండి. తయారీ సీరియల్ నంబర్, ఖాళీ బరువు, లోపల పట్టే నీటి పరిమాణం, టెస్ట్ ఒత్తిడి, టెస్ట్ చేసిన నెల, ఏడాది ఉంటాయి. వంట గ్యాస్ సిలిండర్ డెలివరీ అప్పుడు ఖాళీ బరువుకు 14.2 కలిపి చూస్తాం కదా, ఇక్కడా అంతే, ఖాళీ బరువుకు 4.5 కలపండి. ఉదాహరణకు ఖాళీ బరువు 11.2 అని ఉంటే మొత్తం 15.7 కిలోలు తూగాలి.

ఒక జాగ్రత్త ఉంది. ఆ ఖాళీ బరువులో బయటి గొట్టం, హారన్ (ముందుండే నల్లటి వెడల్పు మూతి) కలిపారా లేదా అన్నది తయారీదారును బట్టి మారుతుంది. హారన్ తీయకుండా తూస్తే అర కిలో అటూ ఇటూ అయి, కారిపోయిన సిలిండర్ కూడా బాగున్నట్టు కనబడుతుంది. నేను చేసే పని ఏంటంటే, కొత్తది గానీ రీఫిల్ అయింది గానీ రాగానే ఉన్నదున్నట్టు తూచి, ఆ అంకెను, తేదీని మార్కర్‌తో ఒక స్టిక్కర్ మీద రాసి అడుగున అంటిస్తాను. తర్వాత ప్రతిసారీ దానితోనే పోలుస్తాను.

బాత్రూమ్ స్కేలు దీనికి పనికిరాదు, అర కిలో తేడాను అది లెక్కచేయదు. పాత పేపర్లు కొనే వాళ్ల దగ్గరుండే వేలాడే డిజిటల్ కాటా చాలు.

పది శాతం తగ్గితే రీఫిల్ చేయించాలంటారు. దేనిలో పది శాతం?

లోపలి గ్యాస్‌లో. మొత్తం బరువులో కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సర్వీసుకు వచ్చిన కుర్రాళ్లు కూడా పొరబడటం నేను చూశాను.

4.5 కిలోలలో పది శాతం అంటే 450 గ్రాములు. 15.7 ఉండాల్సింది 15.25 కంటే కిందికి దిగిందంటే రీఫిల్‌కు పంపాల్సిందే. అదే ఎవరైనా 15.7లో పది శాతం అని 1.57 కిలోల దాకా ఊరుకుంటే, లోపలి గ్యాస్‌లో మూడో వంతు పోయినా సిలిండర్ గోడకే ఉంటుంది. 2 కిలోల దానికైతే హద్దు 200 గ్రాములే, ఒక టీ గ్లాసు నీళ్లంత బరువు. అందుకే మంచి కాటా కావాలనేది.

ట్యాగ్ మీద తేదీ, సంతకం, సీలు అన్నీ ఉన్నాయి. ఇంకా తూకం ఎందుకు?

మా సొంత అపార్ట్‌మెంట్‌లో జరిగింది చెప్తాను. రెండేళ్ల క్రితం సెల్లార్‌లోని ప్యానెల్ రూమ్ సిలిండర్ తీసి చూద్దామనుకున్నాను. మా వాచ్‌మన్ "మొన్ననే కంపెనీ వాళ్లొచ్చి చూసి సంతకం పెట్టి పోయారు కదా సార్, మళ్లీ ఎందుకు" అన్నాడు. నిజమే, ట్యాగ్ మీద ఇరవై రోజుల కిందటి తేదీ ఉంది, పిన్నుకు కొత్త ప్లాస్టిక్ సీలు వేసి ఉంది, పైన దుమ్ము కూడా లేకుండా తుడిచారు. వీధిలో పేపర్లు కొనే అతన్ని పిలిచి కాటాకు వేలాడదీశాం. 15.7 ఉండాల్సింది 12.9 చూపించింది. అతను కాటా పాడైందేమోనని దాన్ని తిప్పి తిప్పి చూసి, తన దగ్గరున్న ఐదు కిలోల రాయి కట్టి చూపించాడు, సరిగ్గానే ఉంది.

అంటే లోపల మిగిలింది 1.7 కిలోలు. వాల్వు దగ్గర వాషర్ అరిగి మెల్లగా కారుతూ వచ్చింది. దానికి గేజీ ఉన్నా కదిలేది కాదు, పైన చెప్పిన లెక్క అదే. వచ్చిన వాళ్లు తుడిచారు, సీలు మార్చారు, సంతకం పెట్టారు, కాటా మాత్రం తేలేదు. ఆ గదిలో నలభై ఎనిమిది ఇళ్ల మీటర్లున్నాయి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి మా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితంలో ఒక వాక్యం చేర్పించాం: సర్వీసు రిపోర్టులో ప్రతి సీఓటూ సిలిండర్‌కూ సీరియల్ నంబర్, ఉండాల్సిన బరువు, ఉన్న బరువు రాసి ఇవ్వాలి. ఆ మూడు అంకెలు లేని రిపోర్టుకు డబ్బులు ఇవ్వం. మీరు కూడా అడగండి. ఇందులో మొహమాటం అవసరం లేదు.

చెవి దగ్గర పెట్టుకుని ఊపితే తెలియదా?

తెలియదు. సగం ఉన్న సిలిండర్ కూడా గలగలమంటుంది. పైగా 31 డిగ్రీలు దాటాక కార్బన్ డయాక్సైడ్‌లో ద్రవం, గ్యాస్ అనే తేడానే ఉండదు, రెండూ కలిసి ఒకటే అయిపోతాయి. మన దగ్గర ఏడాదిలో సగం రోజులు మధ్యాహ్నం 31 దాటే ఉంటుంది. నిండు సిలిండర్ కూడా అప్పుడు చప్పుడు చేయదు.

మన ఎండలకు పేలిపోదా?

ఈ టెన్షన్ చాలామందికి ఉంది, ముఖ్యంగా మే నెలలో. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 దాటుతుంది కదా. ఆ వేడికి లోపలి ఒత్తిడి 100 బార్ దాటుతుంది, అది నిజమే. కానీ సిలిండర్‌ను దానికి సరిపడా బలంగానే చేస్తారు. చాలా వాటిని 250 బార్ దాకా టెస్ట్ చేసి పంపుతారు. అందుకే నింపేటప్పుడు కూడా అంచుదాకా నింపరు, లీటరు చోటుకు కిలోలో మూడింట రెండు వంతులే పోస్తారు, వేడికి ద్రవం ఉబ్బడానికి చోటుండాలి. దీనికి తోడు వాల్వు పక్కన పల్చటి లోహపు బిళ్ల ఒకటి ఉంటుంది. ఒత్తిడి హద్దు మీరితే సిలిండర్ కంటే ముందు ఆ బిళ్ల చిరిగి గ్యాస్ పెద్ద శబ్దంతో బయటికి పోతుంది.

అలాగని మేడ మీద ఎండలో, డీజిల్ జనరేటర్ సైలెన్సర్ పక్కన, బాయిలర్ గోడకు తగిలించకండి. మూసేసిన కారు డిక్కీలో అస్సలు వద్దు. లేబుల్ మీద ఎంత వేడి దాకా ఉంచవచ్చో రాసి ఉంటుంది, చూసుకోండి.

ఇది మంటను ఎలా ఆర్పుతుంది? చల్లగా ఉంటుంది కాబట్టేనా?

చల్లదనం సాయం కొంచెమే. అసలు పని గాలిని పక్కకు నెట్టడం. మామూలు గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది, అది 15 శాతం కిందికి పడితే చాలా మంటలు నిలబడలేవు. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి మంట మీద దుప్పటిలా కూర్చుంటుంది. ఒక్క కిలో ద్రవం బయటికొచ్చి 500 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది.

అయితే ఆ దుప్పటి ఎక్కువసేపు నిలవదు. ఫ్యాను తిరుగుతున్నా, కిటికీ తెరిచి ఉన్నా కొట్టుకుపోతుంది. కింద నిప్పు కణకణమంటూ మిగిలి ఉంటే గాలి తిరిగి తగలగానే మళ్లీ అంటుకుంటుంది. పరుపు, పత్తి బేళ్లు, కాగితాల కట్టలు, చెక్క లాంటి వాటి మీద ఇది పనికిరాకపోవడానికి కారణం ఇదే, వాటికి నీళ్లే కావాలి.

కరెంటు మంటలకు ఇదే ఎందుకు వాడతారు?

ఇది కరెంటును మోయదు, వాడాక మరక కూడా మిగల్చదు. మొదట పుట్టిందే అందుకు. 1924లో అమెరికాలో బెల్ టెలిఫోన్ కంపెనీ వాళ్లకు స్విచ్‌బోర్డుల్లో మంటలు ఆర్పడానికి కరెంటు సోకనిది ఏదైనా కావాల్సి వచ్చింది, వాల్టర్ కిడ్డె కంపెనీ ఈ సిలిండర్ చేసి ఇచ్చింది. వందేళ్ల తర్వాత కూడా ప్యానెల్ రూమ్‌లో, సర్వర్ రూమ్‌లో, లిఫ్ట్ మెషీన్ రూమ్‌లో అదే. పౌడర్ కొడితే మంట ఆరుతుంది గానీ ఆ పొడి బోర్డుల్లోకి దూరి తేమ తగిలి తినేస్తుంది, తర్వాత యంత్రమే మార్చాల్సి రావచ్చు.

వీలైతే ముందు మెయిన్ ఆపండి. కరెంటు ఆపకుండా ఆర్పితే ఆ షార్ట్ సర్క్యూట్ అక్కడే ఉంటుంది, మళ్లీ నిప్పు రాజుకుంటుంది.

ముందు ఉన్న ఆ నల్లటి మూతి అంత వెడల్పు ఎందుకు? దాన్ని పట్టుకోవచ్చా?

దాన్ని హారన్ అంటారు. ద్రవం చిన్న రంధ్రం నుంచి ఒక్కసారిగా బయటపడి ఉబ్బేటప్పుడు విపరీతంగా చల్లబడుతుంది, అందులో నాలుగో వంతు దాకా మంచుపొడిగా మారుతుంది. ఆ మంచు మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది. హారన్ లేకుండా సన్నటి ధారలా వదిలితే అది చుట్టుపక్కల గాలిని కూడా లాక్కుని మంట మీదికి ఊదుతుంది, మంట ఆరే బదులు ఎగసిపడుతుంది. వెడల్పు మూతి ఆ వేగాన్ని తగ్గించి మెత్తటి మేఘంలా వదులుతుంది.

పట్టుకోవడం గురించి. ఒకసారి డ్రిల్‌లో సెక్యూరిటీ కుర్రాడు ఒకడు ఒక చేత్తో హ్యాండిల్ నొక్కి, రెండో చేత్తో హారన్‌ను మొదట్లో, లోహపు మెడ దగ్గర పట్టుకున్నాడు. ఐదారు సెకన్లే. చెయ్యి తీసేసరికి అరచేతిలో నాణెమంత తెల్లటి మచ్చ, ముట్టుకుంటే మొద్దుబారి ఉంది. తర్వాత బొబ్బ ఎక్కింది. మంట కాలిస్తే ఎలా అవుతుందో అచ్చం అలాగే. గొట్టం మీద పట్టుకోవడానికి వేరే పిడి ఉంటే అక్కడే పట్టుకోండి. 2 కిలోల దానికి గొట్టం ఉండదు, హారన్‌ను ముందే గురి వైపు తిప్పి పెట్టి చెయ్యి తీసేయాలి. పొరపాటున తగిలితే రుద్దకండి, వేడినీళ్లు పోయకండి, గోరువెచ్చటి నీళ్లలో ఉంచి డాక్టర్‌కు చూపించండి.

వాడాల్సి వస్తే ఏం చేయాలి?

ముందు గట్టిగా అరిచి అందరినీ బయటికి పంపండి, 101కి గానీ 112కి గానీ ఎవరినైనా ఫోన్ చేయమనండి. మీ వెనక తలుపు తెరిచి ఉండాలి, మంట మీకూ తలుపుకూ మధ్య ఉండకూడదు. పిన్ను మెలితిప్పి లాగితే సీలు తెగి వస్తుంది. చాలామంది టెన్షన్‌లో హ్యాండిల్ గట్టిగా నొక్కి పట్టుకుని పిన్ను లాగుతారు, అలా అది బిగుసుకుపోయి రాదు, హ్యాండిల్ వదిలేసి లాగాలి. తర్వాత ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబడి, మంట మొదలును చూసి, నొక్కి అటూ ఇటూ ఊడ్చినట్టు తిప్పాలి. శబ్దం చాలా పెద్దగా వస్తుంది, మొదటిసారి విన్నవాళ్లు ఉలిక్కిపడి వదిలేస్తారు, ముందే తెలిసుంటే మంచిది.

మీ చేతిలో ఉండే సమయం పది నుంచి ఇరవై సెకన్లు. అంతే. ఆరకపోతే తలుపు మూసి బయటికి వచ్చేయండి.

గదిలో వాడితే ఊపిరాడదా?

ఆడకపోవచ్చు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతం చేరితేనే ప్రాణానికి ముప్పు అని పారిశ్రామిక భద్రతా నియమాలు లెక్కగడతాయి. పది శాతం దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది.

ఒక 4.5 కిలోల సిలిండర్ మొత్తం వదిలితే రెండున్నర ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో అది తొమ్మిది శాతం. అదే రెండు మీటర్ల చదరంలో ఉండే చిన్న సర్వర్ క్యాబిన్‌లో అయితే దాదాపు పాతిక శాతం! పైగా బరువు వల్ల కిందనే పేరుకుంటుంది. సెల్లార్లు, సంపులు, లిఫ్ట్ గుంతలు మరీ ప్రమాదం. 1986 ఆగస్టులో ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ అనే సరస్సు అడుగు నుంచి ఈ గ్యాస్ ఒక్కసారిగా పొంగి లోయల్లోకి పారితే రాత్రికి రాత్రి 1,700 మందికి పైగా చనిపోయారు. మంట లేదు, పొగ లేదు, గ్యాస్ కిందికి పారడమే కారణం.

కాబట్టి ఇరుకు గదిలో గుమ్మం దగ్గర నుంచే కొట్టండి, అయిపోగానే బయటికి రండి. తలుపులు కిటికీలు తీసి బాగా గాలి ఆడాకే లోపలికి వెళ్లండి. మంట ఆరిందో లేదో చూద్దామని వంగి మొహం దగ్గర పెట్టకండి.

వంటింట్లో నూనె అంటుకుంటే?

వద్దు. ఆ ఒత్తిడికి మరిగే నూనె ఎగిరి గోడల మీద, మీ మీద పడుతుంది. నూనె వేడి తగ్గదు కాబట్టి మళ్లీ అంటుకుంటుంది కూడా. స్టవ్ ఆపి, బాణలి మీద సరిపోయే మూత పక్క నుంచి జరిపి పెట్టి, చల్లారేదాకా తీయకండి. నీళ్లు మాత్రం పోయొద్దు.

గ్యాస్ లీకై మంట వస్తుంటే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాస్ కారుతుండగా మంట మాత్రం ఆర్పితే ఆ గ్యాస్ గదంతా నిండి, ఎక్కడో ఒక నిప్పురవ్వ తగిలి పేలుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీకి?

పనిచేయదు. లిథియం బ్యాటరీ ఒకసారి లోపల వేడెక్కడం మొదలైతే ఆ వేడిని అదే పుట్టించుకుంటుంది, పైన గాలి లేకుండా చేసినంత మాత్రాన ఆగదు. దూరంగా జరిగి ఫైర్ వాళ్లను పిలవండి.

మెగ్నీషియం లాంటి లోహాలదీ ఇదే కథ. మండుతున్న మెగ్నీషియం కార్బన్ డయాక్సైడ్ నుంచే ఆక్సిజన్ లాక్కుని ఇంకా వెలుగుతూ మండుతుంది, కింద నల్లటి బొగ్గుపొడి మిగులుతుంది.

మనిషి బట్టలకు నిప్పంటుకుంటే కొట్టవచ్చా?

కొట్టకండి. చర్మం గడ్డకడుతుంది, మొహం దగ్గరైతే ఊపిరి ఆడదు. నేల మీద దొర్లించండి, మందపాటి దుప్పటి కప్పండి, నీళ్లు పోయండి.

హైడ్రో టెస్ట్ అంటే ఏంటి? ఎన్నేళ్లకు ఒకసారి?

మన దేశంలో ఐదేళ్లకోసారి. ఇది కేవలం ఫైర్ డిపార్ట్‌మెంట్ నియమం అనుకుంటారు, కానీ ఎక్కువ ఒత్తిడి గ్యాస్ సిలిండర్ కాబట్టి 2016 గ్యాస్ సిలిండర్ల నియమాలు దీనికి వర్తిస్తాయి. వాటిని చూసేది నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఎక్స్‌టింగ్విషర్ల (మంటలార్పే సిలిండర్ల) ఎంపిక, నిర్వహణ ఎలా అన్నది ఐఎస్ 2190 అనే భారత ప్రమాణంలో ఉంటుంది, తయారీ ప్రమాణం ఐఎస్ 15683.

టెస్టులో సిలిండర్ ఖాళీ చేసి, వాల్వు తీసి, లోపల నీళ్లు నింపి, ఆ నీళ్లను టెస్ట్ ఒత్తిడి దాకా నొక్కుతారు. ఉక్కు కొంచెం సాగుతుంది, ఒత్తిడి తీయగానే తిరిగి మామూలు కావాలి. అలా కాకుండా సాగి ఉండిపోతే అది పనికిరానట్టే. నీళ్లే ఎందుకంటే, గాలితో చేసేటప్పుడు సిలిండర్ పగిలితే బాంబులా పేలుతుంది, నీళ్లు అలా ఉబ్బవు. టెస్ట్ అయ్యాక లోపల చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. తడి మిగిలితే కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఆమ్లంలా మారి ఉక్కును లోపలి నుంచి తినేస్తుంది, వాడేటప్పుడు వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది కూడా.

టెస్ట్ చేసినట్టు రుజువు సిలిండర్ మెటల్ మీద గుద్దిన కొత్త తేదీ. కాగితం స్టిక్కర్ రుజువు కాదు.

అమెరికాలో కూడా ఐదేళ్లే, బ్రిటన్‌లో పదేళ్లు. అక్కడున్న మనవాళ్లు ఇంకోటి గమనించాలి: మంటల రకాలకు పెట్టే అక్షరాల్లో, అమెరికాలో క్లాస్ సీ అంటే కరెంటు మంట, మన దేశంలో క్లాస్ సీ అంటే గ్యాస్ మంట. అక్కడి పేజీలు చదివి ఇక్కడి సిలిండర్ కొంటే తికమక పడతారు.

రీఫిల్‌కు ఇచ్చాం. తిరిగి వచ్చింది మాదేనా?

మంచి ప్రశ్న. ఇచ్చేముందు భుజం మీది సీరియల్ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, వచ్చాక సరిపోల్చండి. మూడేళ్ల సిలిండర్ ఇస్తే పన్నెండేళ్లది కొత్త రంగు వేసి తిరిగొచ్చిన సందర్భం నాకు తెలుసు. లైసెన్సు ఉన్న ఫిల్లింగ్ ప్లాంటులోనే నింపించాలి. వచ్చిన రోజే తూచండి, తీసుకొచ్చిన మనిషి ముందే.

కొంచెమే వాడాం, మిగతాది ఉంది కదా అని మళ్లీ గోడకు తగిలించకండి. రెండు సెకన్లు నొక్కినా రీఫిల్‌కు పంపాల్సిందే.

నెలకోసారి నేను ఏం చూసుకోవాలి?

ఐదు నిమిషాల పని. సిలిండర్ దాని చోటులో ఉందా, ముందు సామాన్లు, సైకిళ్లు అడ్డం పెట్టారా. పిన్ను, సీలు ఉన్నాయా. హారన్ పగిలిందా, అందులో సాలెగూడు గానీ కందిరీగ మట్టిగూడు గానీ ఉందా. నవ్వకండి, మా డాబా మీది లిఫ్ట్ రూమ్‌లో ఆ మట్టిగూడు నేను స్క్రూడ్రైవర్‌తో గీకి తీశాను. గొట్టంలో పగుళ్లు, అడుగున తుప్పు చూడండి. సెల్లార్‌లో నేల మీద పెట్టేస్తే కడిగిన ప్రతిసారీ అడుగు తడిసి తుప్పు అక్కడే మొదలవుతుంది, గోడకు తగిలించాలి. ఏ చోటు నుంచైనా 15 మీటర్లు నడిచేలోపు ఏదో ఒక ఎక్స్‌టింగ్విషర్ అందాలి.

తూకం ఆరు నెలలకోసారి వేయించండి. సముద్రం పక్కన, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఉంటే మూడు నెలలకోసారి నేను చూస్తాను, ఉప్పుగాలికి వాల్వులు త్వరగా పాడవుతాయి.

ఆసుపత్రిలో ఎంఆర్ఐ గదికి కూడా ఇదే పెట్టవచ్చా?

ఉక్కుది పెట్టకూడదు. ఆ అయస్కాంతం అంత బరువును గాల్లో లాగేస్తుంది, మధ్యలో మనిషి ఉంటే అంతే. అయస్కాంతానికి అంటని లోహంతో చేసి, ఎంఆర్ఐ గదికి అని రాసి ఉన్నవి వేరే దొరుకుతాయి.

స్కూల్లో చదివిన సోడా యాసిడ్ ఎక్స్‌టింగ్విషర్ ఇదేనా?

కాదు. అందులో బేకింగ్ సోడా నీళ్లు, సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా ఉండేవి, రెండూ కలిసి పుట్టిన గ్యాస్ నీళ్లను బయటికి తోసేది. ఆర్పేది నీళ్లే. ఇప్పుడు వాటిని వాడటం లేదు. పాత స్కూళ్లలో ఎక్కడైనా మూలన ఉంటే ముట్టుకోకుండా తీయించేయండి.

ఎన్నేళ్లు వాడుకోవచ్చు?

టెస్టులన్నీ పాసవుతుంటే సీఓటూది 15 ఏళ్లు, పౌడర్, నీళ్లు, ఫోమ్‌వి 10 ఏళ్లు అని ఐఎస్ 2190 చెబుతుంది. లెక్క కొన్న రోజు నుంచి కాదు, తయారైన తేదీ నుంచి. కొనేటప్పుడే ఆ తేదీ చూడండి.

ఇంటికి ఒక్కటే కొనగలను. ఇదే కొననా?

ఇల్లు మాత్రమే అయితే ముందు ఏబీసీ పౌడర్ (ఘన పదార్థాలు, ద్రవాలు, గ్యాస్ మంటలు మూడింటికీ పనిచేసేది) కొనండి. ఇంట్లో అంటుకునేవి ఎక్కువగా బట్టలు, పరుపులు, కర్టెన్లు, వాటి మీద సీఓటూ నిలవదు. అది మీ అపార్ట్‌మెంట్ ప్యానెల్ రూమ్‌లో ఉండాలి. ఉందో లేదో రేపు పొద్దున కిందికి వెళ్లినప్పుడు చూడండి, ఉంటే భుజం మీది ఖాళీ బరువు రాసుకుని రండి.